చేను కొలిచాడు, కంచం కూడా లెక్కేశాడు: సర్ థామస్ మన్రో జీవితం

హిందూపురంలో తహసీల్దారు కచేరీకి వెళ్లండి, పెనుకొండలో రెవెన్యూ డివిజన్ ఆఫీసుకు వెళ్లండి, ధర్మవరంలో గ్రామ రెవెన్యూ అధికారి దగ్గర కూర్చోండి. చెవిన పడే మాటలు ఇవే: జమాబందీ, ఫసలీ, కిస్తు, వసూలు, బాకీ, ఇనాం. అన్నీ అరబీ, ఫార్సీల నుంచి ఉర్దూ దారిన మన తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలు. రైతువారీ అనే మాటలోని రైతు కూడా రయ్యత్ నుంచి వచ్చినవాడే. ఈ మాటలన్నిటినీ పట్టుకుని, వాటికి ఇంగ్లీషు అంకగణితం జోడించి, ఈ సీమలో ప్రతి చేనుకీ ఒక లెక్క రాయించిన మనిషి ఒకడున్నాడు. అతనే సర్ థామస్ మన్రో. చనిపోయి 200 ఏళ్లు కావస్తోంది. అయినా రాయలసీమ పల్లెల్లో ముసలివాళ్ల నోట ఆ పేరు ఇంకా వినిపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఆ పేరు ఎంత లోతుకు వెళ్లిందో ఆలోచించండి.

మన్రోని భూమి కొలిచిన దొరగానే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. కానీ అతను ఇంకో లెక్క కూడా చేయించాడు. ఈ ప్రాంతంలో ఒక మనిషి తిండికీ బట్టకీ ఏడాదికి ఎంత ఖర్చవుతోందో లెక్కేయించాడు. ఒక ప్రాంతం బాగుందా లేదా అన్నది ఎలా కొలవాలి అని ఈరోజు మనం వాదించుకుంటున్నాం కదా, ఆ వాదన మన సీమలో అప్పుడే మొదలైంది. అందుకే ఈ జీవితం మరోసారి చెప్పుకోవాలి.

గ్లాస్గో నుంచి మద్రాసుకు

మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వ్యాపారి. అమెరికాలోని వర్జీనియా నుంచి పొగాకు తెప్పించి అమ్మేవాడు. చిన్నప్పుడు తట్టు పోసి మన్రోకి వినికిడి కొంత తగ్గింది. ఆ లోపం జీవితాంతం ఉండిపోయింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. ఇంతలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది, పొగాకు వ్యాపారం కుప్పకూలింది, తండ్రి దివాలా తీశాడు. ఇంట్లో డబ్బులేని కుర్రాడు చేసే పనే మన్రో కూడా చేశాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి ఓడెక్కాడు. 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి 18 ఏళ్లు.

దిగిన ఏడాదే హైదర్ అలీతో యుద్ధం మొదలైంది. కుర్రాడు ఆ యుద్ధంలో నడిచాడు, తర్వాత టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధంలోనూ ఉన్నాడు. మధ్యలో తీరిక దొరికినప్పుడు హిందుస్తానీ, ఫార్సీ నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో కచేరీ పని ఫార్సీలో నడిచేది. ఆ భాష రాని దొర దుబాసీ చేతిలో కీలుబొమ్మ. మన్రో అలా ఉండదలచుకోలేదు.

1792లో టిప్పు సుల్తాన్ నుంచి కంపెనీకి బారామహల్ ప్రాంతం వచ్చింది. ఇప్పటి తమిళనాడులోని కృష్ణగిరి, ధర్మపురి, సేలం వైపు సీమ అది. అక్కడ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద మన్రో ఏడేళ్లు పనిచేశాడు. మధ్యలో జమీందారు, గుత్తేదారు లేకుండా సర్కారు నేరుగా ఒక్కో రైతుతో లెక్క చూసుకునే పద్ధతి అక్కడే రూపు కట్టింది. 1799 మే 4న టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం కోటలో పోరాడుతూ ప్రాణాలొదిలాడు. తర్వాత మైసూరు రాజ్యం పంపకాల కమిషన్‌కు జాన్ మాల్కమ్‌తో పాటు మన్రో కార్యదర్శిగా పనిచేశాడు. ఆ పైన కొన్నాళ్లు కెనరా తీరంలో కలెక్టరు. అప్పుడు వచ్చింది మన సీమ వంతు.

నిజాం ఇచ్చిన సీమ

మైసూరు యుద్ధాల తర్వాత 1792లో, 1799లో టిప్పు రాజ్యంలో కొంత భాగం హైదరాబాదు నిజాం అలీ ఖాన్‌కి దక్కింది. ఆ నిజామే 1800 అక్టోబరు ఒడంబడికలో ఆ భాగాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. హైదరాబాదులో ఉంచే కంపెనీ సైన్యం ఖర్చుకి బదులుగా ఈ భూమి. ఇలా ఇచ్చిన జిల్లాలు కాబట్టి సీడెడ్ జిల్లాలు అన్నారు, తెలుగులో దత్త మండలాలు అన్నారు. బళ్లారి, కడప, అనంతపురం వైపు భూములన్నీ అందులోవే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కూడా అలా చేతులు మారినవే. రాయలసీమ అనే పేరు చాలా తర్వాత, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు పెట్టింది.

ఈ సీమకి ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 చివర్లో మన్రో వచ్చాడు. అనంతపురం ముఖ్య స్థానం. పేరుకి స్థానమే గానీ ఏడాదిలో ఎక్కువ భాగం డేరాల్లోనే, ఊరి నుంచి ఊరికి. చేతి కింద నలుగురు సబార్డినేటు కలెక్టర్లు.

అతను వచ్చేసరికి సీమ పరిస్థితి ఏమంత బాగా లేదు. యుద్ధాలు, చేతులు మారిన పాలన, వానలు పడని ఏళ్లు. సుమారు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల చేతుల్లో దాదాపు 30 వేల మంది ఆయుధాలు పట్టిన మనుషులు. ఎవడికి బలముంటే వాడు వసూలు చేసుకునే కాలం. మన్రో పాలెగాళ్లని గట్టిగా అణిచాడు. కొందరిని తరిమాడు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆ కాఠిన్యం మీద లండనులోని కంపెనీ డైరెక్టర్లే కొన్నిసార్లు అభ్యంతరం చెప్పారు. రైతుకి ఇద్దరు దొరలకు శిస్తు కట్టే బాధ తప్పింది, నిజమే. కానీ మిగిలిన ఆ ఒక్క దొరా కంపెనీయే అన్నది కూడా మరువకూడదు.

నలుగురు గుమాస్తాలు, ఒక గొలుసు

1802లో సర్వే మొదలుపెట్టాడు. అప్పటికి ఈ సీమ మొత్తంలో భూమి కొలవడం తెలిసినవాళ్లు నలుగురంటే నలుగురు, అందరూ కచేరీ గుమాస్తాలే. వాళ్ల చేతనే స్థానికులకు నేర్పించాడు. నేర్చుకున్నవాళ్లు ఇంకొందరికి నేర్పారు. అలా 100 మంది కొలతగాళ్లు తయారయ్యారు. పదేసి మందికి ఒక పెద్ద. కొలిచేవాళ్లకి ఎకరాల లెక్కన కూలి. తనిఖీ చేసే పెద్దకి మాత్రం నెల జీతం. ఎకరాల లెక్కన కూలి ఇస్తే కొలతగాడు తొందరపడతాడు, తనిఖీదారుకి కూడా అలాగే ఇస్తే తప్పులు పట్టేవాడు ఉండడు. అందుకే ఈ తేడా.

వాళ్ల చేతిలో సాధనం 33 అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. మీరే గుణించి చూడండి: 33ని 33తో గుణిస్తే 1,089 చదరపు అడుగులు, దాన్ని 40తో గుణిస్తే 43,560. అదే ఎకరం. ఇప్పుడు మన దగ్గర సెంట్ల లెక్క వాడుతున్నా, హిందూపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే గుంటల లెక్కే నడుస్తోంది.

కొలతగాళ్లు ముందు పోతే, వెనకాల భూమి తరగతులు నిర్ణయించేవాళ్లు వచ్చేవాళ్లు. ఊరి రెడ్డి, కరణం, రైతులు వెంట నడిచేవాళ్లు. ఇది మెట్ట, ఇది మాగాణి, ఇది తోట. ఇది నల్లరేగడి, ఇది ఎర్ర గరుసు అని తేల్చి తరం కట్టేవాళ్లు. మన వైపు ఈ పని ఎంత చిక్కో రైతుకి తెలుసు. హిందూపురం పక్కన పెన్నా పారుతుంది గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. చిత్రావతి బుక్కపట్నం చెరువుకీ ధర్మవరం చెరువుకీ నీళ్లిస్తే మాగాణి, ఇవ్వకపోతే అదే చేను బీడు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, అదీ పడాల్సినప్పుడు పడని చోట, ఏ చేను ఏ తరగతి అని కాగితం మీద రాసేయడం తేలికైన పని కాదు. అయినా మన్రో ఇక్కడినుంచి వెళ్లిపోయేలోగా ఆ పని పూర్తయింది. ప్రతి చేనుకి ఒక నంబరు, ఒక విస్తీర్ణం, ఒక శిస్తు.

మనిషికి ఏడాదికి ఎంత?

భూమి కొలిచాక చాలామంది అధికారులు అక్కడితో ఆగిపోతారు. మన్రో ఇంకో అడుగు వేశాడు. ఈ సీమ జనాభా అప్పట్లో సుమారు 20 లక్షలు. ఆ జనాన్ని మూడు తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతిలో ఒక్కో మనిషికి తిండి, బట్ట, మిగతా అన్నీ కలిపి ఏడాదికి సగటున ఎంత ఖర్చవుతోందో లెక్క తేల్చాడు.

మొదటి తరగతి, అంటే కాస్త కలిగినవాళ్లు, జనంలో నాలుగో వంతు: మనిషికి ఏడాదికి 40 షిల్లింగులు. రెండో తరగతి, జనంలో సగం: 27 షిల్లింగులు. మూడో తరగతి, మిగిలిన నాలుగో వంతు: 18 షిల్లింగులు. ఆనాటి మారకంలో రూపాయి అంటే దాదాపు రెండు షిల్లింగులు. కాబట్టి ఇది ఏడాదికి 20 రూపాయలు, పదమూడున్నర రూపాయలు, 9 రూపాయలు అన్నమాట. వ్యవసాయ కూలీకి నెలకి వచ్చేది 4 నుంచి 6 షిల్లింగులు, అంటే రెండు మూడు రూపాయలు. ఆ కూలితో ఒక్కడే బతకడు, ఇంటిల్లిపాదీ బతకాలి.

1813లో కంపెనీ చార్టరు పొడిగింపు మీద పార్లమెంటు విచారణ జరిపినప్పుడు మన్రో అక్కడ సాక్ష్యం ఇచ్చాడు. ఇంగ్లాండు ఉన్ని బట్టలు హిందుస్తాన్‌లో బాగా అమ్ముడుపోతాయా అన్నది వాళ్ల ఆసక్తి. మన్రో ఈ కూలి, ఖర్చుల లెక్కలు ముందు పెట్టి, ఇంత తక్కువతో బతికే జనం ఇంగ్లాండు సరుకు కొనలేరని, పైగా వీళ్లకి కావలసిన బట్ట వీళ్లే చక్కగా నేసుకుంటారని చెప్పాడు. అంటే మన పూర్వీకుల కంచంలో ఎంత ఉందన్న లెక్క లండనులో విన్నది మన కోసం కాదు, వాళ్ల సరుకు అమ్మకం కోసం. అయినా ఆ లెక్క విలువ పోదు.

ఎందుకంటే అందులో ఒక తెలివైన పని ఉంది. మూడు తరగతుల్నీ కలిపి ఒక్క సగటు తీస్తే మనిషికి 28 షిల్లింగులు వస్తుంది. ఆ ఒక్క అంకె చూపించి ఊరుకుంటే, 18 షిల్లింగులతో బతికే 5 లక్షల మంది మాయమైపోతారు. మన్రో వాళ్లని మాయం చేయలేదు. విడిగా ఒక వరుసలో రాశాడు.

పెరిగిన శిస్తు, ఆగిపోయిన తగ్గింపు

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మన్రో మొదటి ఏడు భూమి శిస్తు కింద వసూలు చేసింది 10,06,593 పగోడాలు. ఏడేళ్ల తర్వాత అది 15,17,272 పగోడాలైంది. ఇంగ్లీషు లెక్కలో 4,02,637 పౌండ్ల నుంచి 6,06,909 పౌండ్లకు, అంటే సగం పెరిగింది. కంపెనీ దృష్టిలో ఇదీ అభివృద్ధి. ఈ అంకె చూసే మద్రాసులో, లండనులో మెచ్చుకున్నారు.

ఈ శిస్తుని 20 లక్షల జనానికి పంచి చూడండి. మనిషికి 6 షిల్లింగులు పైచిలుకు. పేదవాడి ఏడాది ఖర్చు 18 షిల్లింగులని మన్రో లెక్కే చెబుతోంది. అంటే తలకి పడే శిస్తు, పేదవాడు ఏడాదంతా తిని కట్టుకునే దాంట్లో మూడో వంతుతో సమానం. శిస్తు అందరూ నేరుగా కట్టరు, చేను ఉన్నవాడే కడతాడు. కానీ చేను ఉన్నవాడి చేతిలో మిగిలితేనే కూలీకి కూలి, నేతగాడికి బేరం, దుకాణదారుకి గిరాకీ.

రెండు లెక్కలూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఆ మనిషికి తేడా కనబడింది. సర్వే ప్రకారం కట్టిన శిస్తు మొత్తం పంటలో దాదాపు 45 శాతానికి చేరింది. పంటలో మూడో వంతుకు మించి తీసుకుంటే రైతు నిలబడడు అని మన్రోకి అర్థమైంది. 1807లో ఇక్కడినుంచి వెళ్లిపోయే ముందు శిస్తుని 25 శాతం తగ్గించాలని, తోట భూములకి ఇంకాస్త ఎక్కువ తగ్గించాలని మద్రాసు సర్కారుకి సిఫారసు చేశాడు. 45లో నాలుగో వంతు తీసేస్తే మిగిలేది దాదాపు మూడో వంతు. లెక్క సరిగ్గా సరిపోయింది.

మద్రాసు ఒప్పుకోలేదు. ఖజానాకి అంత నష్టం భరించలేమంది. అది చాలక రైతువారీ పద్ధతినే పక్కన పెట్టి, ఊళ్లకు ఊళ్లు మూడేళ్ల గుత్తకి, తర్వాత పదేళ్ల గుత్తకి ఇచ్చింది. శిస్తు భారం తగ్గలేదు, పైన గుత్తేదారు వచ్చి కూర్చున్నాడు. చాలాచోట్ల గుత్తేదారులూ దివాలా తీశారు, రైతులూ దివాలా తీశారు. చివరికి 1820లో ఆ తగ్గింపు అమల్లోకి వచ్చింది, రైతువారీ తిరిగి వచ్చింది. అదే ఏడాది మన్రో మద్రాసు గవర్నరయ్యాడు. మధ్యలో పోయినవి 13 ఏళ్లు. 13 ఏళ్లంటే పెనుకొండ తాలూకాలో అప్పుడు పుట్టిన బిడ్డ నాగలి పట్టే వయసు. సరైన అంకె కచేరీలో ఉంది. దాన్ని అమలు చేసే మనసు లేదు. కొలవడం ఒక్కటే చాలదు అని మన సీమ నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. శిస్తు సగం పెంచింది మన్రోయే, తగ్గించమన్నది కూడా మన్రోయే. కంపెనీ నౌకరుగా వసూలు చేయడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగం బాగా చేశాడు కాబట్టే పైకి ఎదిగాడు. అతన్ని దేవుణ్ణి చేయాల్సిన పని లేదు. అతని రెండు చేతులూ చూస్తే చాలు.

బడుల లెక్క

1807లో స్కాట్లాండు వెళ్లిన మన్రో 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ని పెళ్లాడి, న్యాయ విధానం సంస్కరణల కమిషన్‌కు పెద్దగా మళ్లీ మద్రాసు వచ్చాడు. మరాఠా యుద్ధంలో సేనలు నడిపాడు. 1820 జూన్‌లో గవర్నరుగా కుర్చీ ఎక్కాడు. రెండేళ్లు తిరిగేసరికి, 1822లో, ప్రతి కలెక్టరుకీ ఒక హుకుం వెళ్లింది. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులం, ఏ మతం, ఏం చదువుతున్నారు, లెక్క పంపండి అని. భూమి, ఖర్చు అయ్యాక ఇప్పుడు చదువు వంతు.

లెక్కలన్నీ రావడానికి ఏళ్లు పట్టింది. మద్రాసు రాజధాని మొత్తంలో 1,28,50,941 మంది జనానికి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. దాదాపు వెయ్యి మందికి ఒక బడి. ఇళ్లల్లో చదువుకునేవాళ్లు విడిగా ఉన్నారు కాబట్టి, మగపిల్లల్లో మూడో వంతు దాకా ఏదో ఒక చదువు అందుతోందని మన్రో అంచనా కట్టాడు.

మన సీమ సంగతి? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. 9,27,857 మంది జనానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. వెయ్యి మందికి ఏడుగురు. రాజధాని మొత్తం లెక్కలో సగం మాత్రమే. ఆ 533 బడుల్లో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం వగైరా చదువులవి 23, ఫార్సీ 21, తమిళం 4, ఇంగ్లీషు 1. ఐదారు భాషల బడులు పక్కపక్కన నడిచిన జిల్లా ఇది. మన సీమలో తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి బతకడం నిన్న మొన్నటిది కాదని ఈ పట్టిక చెబుతోంది.

అదే పట్టికలో మన వాళ్లు తలొంచుకుని చూడాల్సిన వరుస కూడా ఉంది. 6,641 మంది పిల్లల్లో ముస్లిం పిల్లలు 243 మందే. ఆడపిల్లలు మొత్తం మీద 60 మంది, అందులో ముస్లిం ఆడపిల్ల ఒక్కరూ లేరు. రెండు వందల ఏళ్ల కిందటే మన వెనుకబాటు ఎక్కడుందో అంకెల్లో రాసి ఉంది.

క్యాంప్‌బెల్ లెక్కతో ఆగలేదు. బడులు తగ్గిపోవడానికి కారణం కూడా రాశాడు. దేశం మెల్లమెల్లగా బీదదవుతోందని, ఇంగ్లాండు నుంచి వచ్చిపడుతున్న బట్ట దెబ్బకి ఇక్కడి నేత పనివాళ్ల రాబడి పడిపోయిందని, చాలామంది తమ బిడ్డల్ని చదివించలేకపోతున్నారని ఒక కంపెనీ కలెక్టరే ఒప్పుకున్నాడు. పైగా మగ్గం మీద, చేతిపని మీద మొహతర్ఫా పన్ను ఉండనే ఉంది. 1813లో మన్రో వీళ్ల బట్ట వీళ్లే నేసుకుంటారు అన్నాడు కదా. పదేళ్లు తిరిగేసరికి లంకాషైర్ మరమగ్గాలు ఆ మాటని పాతబరిచేశాయి. మగ్గం ఆగితే బడి ఆగుతుంది. ధర్మవరం నేతన్న ఇంట్లో ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

1826 మార్చిలో మన్రో ఒక పథకం రాశాడు. ప్రతి కలెక్టరేటులో రెండు పెద్ద బడులు, హిందువులకి ఒకటి, ముస్లింలకి ఒకటి. ప్రతి తహసీలులో ఒక బడి. అంతకు ముందు, 1824 డిసెంబరు 31న, దేశ స్థితి మీద, ప్రజల పరిస్థితి మీద ఒక పెద్ద మినిట్ రాశాడు. పెద్ద కొలువులన్నీ దొరలే ఉంచుకుని ఇక్కడి వాళ్లని దూరం పెడితే జనం ఆత్మగౌరవం చచ్చిపోతుందన్నది దాని సారం. తిండి, బట్ట, చదువుతో పాటు మర్యాదని కూడా బాగోగుల్లో లెక్క కట్టాడన్నమాట. బడుల పథకం మాత్రం అతను పోయాక నీరుగారింది. 1836లో ఆ బడులు మూతపడ్డాయి.

పత్తికొండలో ఆఖరి మజిలీ

1827లో మన్రో ఉద్యోగం వదిలి స్వదేశానికి వెళ్లబోతున్నాడు. వెళ్లేముందు తనకి ఇష్టమైన సీమని ఒకసారి చూసి పోదామని దత్త మండలాల యాత్రకి బయల్దేరాడు. దండులో కలరా వచ్చింది. జులై 6న పత్తికొండలో మన్రో కన్నుమూశాడు. గుత్తిలో పాతిపెట్టారు. 1831లో అవశేషాలని మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న అతని విగ్రహం 1839లో నిలబెట్టారు. పత్తికొండలో ఒక బావి, ఒక తోపు, ఒక మండపం ఆ చావు గుర్తుగా మిగిలాయి.

జనం అతని చుట్టూ కథలు అల్లుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనితో మాట్లాడాడని, గండి దగ్గర అతనికి బంగారు తోరణం కనిపించిందని చెప్పుకుంటారు. నమ్మకం ఎవరిది వాళ్లది. కథల వెనక ఒక సంగతి మాత్రం స్పష్టం: తమ చేను గట్టు మీదికి నడిచి వచ్చిన అధికారిని జనం తేలిగ్గా మరిచిపోరు.

మన లెక్క ఎవరు వేస్తారు?

2022 ఏప్రిల్ 4న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది. హిందూపురం పక్కన తూముకుంటలో పరిశ్రమలున్నాయి, పట్టు గూళ్ల మార్కెట్ ఉంది. ధర్మవరం పట్టు చీరకి భౌగోళిక గుర్తింపు ఉంది. జిల్లా స్థూల ఉత్పత్తి లెక్కలో ఇవన్నీ బ్రహ్మాండంగా కనబడతాయి. ఒక కారు గేటు దాటితే తలసరి ఆదాయం అంకె పైకి కదులుతుంది. కానీ ఆ గేటుకి కూతవేటు దూరంలో వేరుశనగ ఎండిపోయిన రైతు ఇంట్లో ఏం కదిలింది? గుంట మగ్గంలోకి వాన నీళ్లు చేరి నెల రోజుల పని పోగొట్టుకున్న నేతన్న ఆ సగటులో ఎక్కడున్నాడు?

ప్రపంచం ఈ ప్రశ్న ఆలస్యంగానైనా అడిగింది. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్, మన అమర్త్య సేన్ తోడ్పాటుతో, ఆదాయంతో పాటు ఆయుష్షునీ చదువునీ కలిపి మానవాభివృద్ధి సూచిక తయారుచేశాడు. మన నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచికలో ఇప్పుడు 12 అంశాలున్నాయి: పోషకాహారం, బడి హాజరు, వంట గ్యాస్, మరుగుదొడ్డి, తాగునీరు, ఇల్లు, బ్యాంకు ఖాతా వంటివి. 2006లో సచార్ కమిటీ దేశంలో ముస్లింల స్థితిని విడిగా కొలిచి చూపించింది. ఆ పని చేసేదాకా మన వెనుకబాటు సగటు అంకెల చాటున దాక్కునే ఉంది. 1823 పట్టికలోని ఆ 243 అంకె, సచార్ నివేదికలోని అంకెలు ఒకే వరుసలోవి.

మన్రో జీవితం నుంచి మనం తీసుకోవాల్సింది ఇంతే. జిల్లాకి ఒకే సగటు చెప్పి సరిపెడితే ఒప్పుకోవద్దు. హిందూపురం వార్డు వార్డుకీ, పెనుకొండ మండలం ఊరూరికీ, ధర్మవరం మగ్గం మగ్గానికీ విడి లెక్క అడగాలి. ఆ లెక్కలో అందరికంటే కింద ఉన్నవాళ్లకి సొంత వరుస ఉండాలి: ఎంత తింటున్నారు, పిల్లలు ఏ తరగతి దాకా చదువుతున్నారు, అప్పు ఎంత, దవాఖానా ఎంత దూరం. లెక్క తేలాక దాని మీద చర్య ఎప్పుడన్నది కూడా తారీఖుతో సహా అడగాలి. సరైన అంకె 13 ఏళ్లు కచేరీలో పడుంటే ఏమవుతుందో మన తాతముత్తాతలు అనుభవించారు.

ఏటా జమాబందీ మన మండలాల్లో ఇప్పటికీ జరుగుతోంది. భూమి లెక్క, శిస్తు లెక్క సరిచూస్తారు. ఈసారి గ్రామసభలో లేచి, కంచం లెక్క సంగతేంటని అడగండి. ఆ లెక్క మన సీమకి కొత్తేమీ కాదని కూడా చెప్పండి.